తమ్మూజు నెల

బార్బార్ తవ్వకాల్లో నా పని తట్టతో ఇసుక మొయ్యడం.
దేవుడు దొరికితే డాక్టరమ్మని పిలవాలి,
పెంకు దొరికితే సంచిలో వెయ్యాలి.
ఏది ఏదో తేల్చడం నా పని కాదు.

మేస్త్రీ అబూ జాద్ సిరియావాడు.
హాజరు పుస్తకంలో జూలై అని రాయడు,
తమ్మూజ్ అని రాస్తాడు.

ఆ పేరు నేనెరుగుదును.
యెహెజ్కేలులో, మందిరపు ఉత్తర గుమ్మం దగ్గర
ఆడవాళ్ళు కూర్చుని ఏడ్చింది ఇతని కోసమే.
రాజోలు సండే స్కూల్లో ఆ వచనం నా వంతుకొచ్చింది.
ఎవరండీ ఈయన అంటే
పాస్టరు గారు పేజీ తిప్పేశారు.
ముప్పయ్యేళ్ళకి దొరికాడు,
నా నూట పది దినార్ల పక్కన.

పై మంచం ఓదెలు ఫోను ఆపడు.
"ఏసుపాదం, ఇగో సూడు, మీ దేవుడు కాపీ అంట.
సచ్చి లేసినోళ్ళు మస్తుమంది ఉన్నరంట ముందుగాల్నే.
డిసెంబరు ఇరవయ్యైదు సూర్యునిదంట."
కోపంతో కాదు,
పప్పులో ఉప్పెక్కువైందన్నట్టే అంటాడు.
నాకు జవాబు రాలేదు.
తెల్లారేదాకా ఏసీ చప్పుడు విన్నాను.

వచ్చీరాని హిందీలో డాక్టరమ్మనడిగాను.
బ్రష్షు ఆపకుండానే చెప్పింది:
కొంత కలిసింది, కొంత కలిపింది.
ఆ గొల్లవాణ్ణి కిందికి ఈడ్చుకుపోయిన కథ ఉంది.
పైకొచ్చే చోట పలక విరిగింది.
సగం ఏడాది కింద, సగం పైన అని ఇంకో ముక్క.
విరిగినచోట ఎవరికి కావలసింది వాళ్ళు అతికించుకున్నారు.
మరి మీరు? అన్నాను.
విరిగిందని రాస్తాను, అంది.

ఇక్కడ మా ఆదివారం శుక్రవారం,
సెలవు ఆ రోజే గనక.
మనామాలో అద్దె హాలు. పొద్దున మలయాళం, ఆపైన తమిళం,
కుర్చీలు వాళ్ళ వేడి మీదుండగానే తెలుగు.
పోయినేడు క్రిస్మసు ఇరవయ్యారున చేసుకున్నాం,
శుక్రవారం అక్కడ పడింది మరి.
ఎన్ని వేల ఏళ్ళకో ఎవరో తవ్వి
"వీళ్ళు శుక్రగ్రహాన్ని కొలిచేవారు" అని రాస్తే
నేనెక్కణ్ణుంచి లేచి కాదనను?
తేదీ అద్దెదే, హాల్లాగే.
లోపల మోకరించినవాడి మోకాలి నొప్పి మాత్రం
ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు.

గుడి అడుగున బావి ఉంది.
ఉప్పు సముద్రం కింది తీపినీళ్ళకి ఒక దేవుడుండేవాడట.
ఊట ఎండింది. మెట్లున్నాయి,
నన్ను ముంచిన కాలవ రేవు మెట్లలాగే
నడుమ అరిగి.
ఆ సంగతి ఓదెలుకి చెప్పలేదు,
వాడికి ఇంకో సాక్ష్యం దొరుకుతుందని.

పన్నెండో తారీకు. మధ్యాహ్నం పని ఆపడానికి ఇంకా పది నిమిషాలు.
ఓదెలు తట్టతో సహా కూలిపోయాడు.
కళ్ళు తెల్లగా తేలిపోయాయి. చెమట కూడా లేదు.
పెషావరు డ్రైవరు ఉఠ్ ఉఠ్ అంటున్నాడు.
డాక్టరమ్మ తన భాషలో ఏదో అంటోంది.
నేను లెగరా, ఒరే లెగరా అని చెంపలు కొడుతున్నాను.
నా తమ్ముడు పోయిననాడు మా అమ్మ
ఏ దేవుణ్ణీ పిలవలేదు, ఈ ముక్కే అంది.
అబూ జాద్ వాడి తల ఒళ్ళో పెట్టుకుని
"కూమ్! కూమ్!" అని అరిచాడు.

ఒళ్ళు జలదరించింది.
తలీతాకుమీ. చిన్నదానా, లెమ్ము.
నేను కంఠతా పట్టిన దేవుడి మాట,
బీడీ కంపు కొట్టే మేస్త్రీ నోట
రోజువారీ మాట.

ఓదెలు లేచాడు.
ఉప్పేసిన లబన్ రెండు గ్లాసులు తాగి
"యాడున్న?" అన్నాడు.
బార్బార్‌లో, అన్నాను. నవ్వబోయి కక్కుకున్నాడు.

ఆ రాత్రి వాడు ఫోను తియ్యలేదు.
చీకట్లోంచి అడిగాడు:
"నన్ను లేపిందెవర్రా?"
నేను నలుగురి పేర్లు చెప్పాను.
ఐదో పేరు నాలుక మీదే ఉంచుకున్నాను.

పొద్దున హాజరు పుస్తకంలో
ఓదెలు పేరుకెదురుగా అబూ జాద్ రాత:
తమ్మూజ్ పన్నెండు.
అరపూట కోత.